రాజకీయ పక్షాల విరాళాలు – ప్రజల విశ్వాసం

ప్రజాస్వామ్య వ్యవస్థకు రాజకీయ పక్షాలు అనివార్యమైనవి. పక్షాలు లేనిదే ఎన్నికలు సాగవు. ధనం లేనిదే పక్షాలు నడవవు. కార్యాలయపు అద్దె మొదలు కార్యకర్తల ప్రయాణపు ఖర్చులు, కరపత్రాలు, బహిరంగ సభల ఏర్పాట్ల వరకు ప్రతి పనికీ డబ్బు కావలసిందే. ఆ డబ్బు ఎక్కడినుండి వస్తున్నది, ఎవరిస్తున్నారు, ఏమి ఆశించి ఇస్తున్నారు అనే ప్రశ్నలు సామాన్య పౌరుని మనస్సులో ఉదయించటం సహజం. వాటికి సమాధానం దొరకనినాడు ప్రభుత్వం ఎంత మంచి నిర్ణయం తీసుకున్నా ప్రజలు దానిని అనుమానంతోనే చూస్తారు. మన దేశంలో రాజకీయ విరాళాలకు సంబంధించిన నిబంధనలు ఎట్లా ఏర్పడినవి, ఎట్లా మారినవి, వాటి వలన ప్రజల విశ్వాసం ఏ మేరకు నిలిచినది అనే విషయాన్ని విద్యార్థులకు స్థూలంగా పరిచయం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఊళ్ళలో మసీదు మరమ్మతుకైనా, గుడి జీర్ణోద్ధరణకైనా, పాఠశాలకు గది కట్టించటానికైనా చందాలు పోగుచేయటం అందరికీ తెలిసినదే. చందా ఇచ్చినవానికి రసీదు వ్రాసి ఇస్తారు. పని పూర్తయిన తరువాత జమాఖర్చుల లెక్క నలుగురిలో చదివి వినిపిస్తారు. కళాశాల వార్షిక సంచికలకు వ్యాపారస్థులు ప్రకటనలిచ్చి సాయపడినప్పుడు కూడా వారి పేర్లు అచ్చులో అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. రేపు ఆ చందాదారులలో ఒకనికి కమిటీవారు ఏదైనా అనుచితమైన లాభం చేకూర్చితే జనం గుర్తుపట్టి అడుగగలరు. రసీదు పుస్తకం చేసే మేలు అదే. పది రూపాయల చందాకు మనం పాటించే ఈ నియమాన్ని కోట్ల రూపాయల చందాలకు పాటించనవసరం లేదని ఎవరైనా వాదిస్తే ఆ వాదాన్ని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది.

ఈ సందర్భంలో హదీసు గ్రంథాలలోని ఒక ప్రసిద్ధమైన ఉదంతం జ్ఞప్తికి వస్తున్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారు ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు నియమించి పంపారు. అతడు తిరిగి వచ్చి వసూలైన దానిని రెండు భాగాలుగా చూపి, ఒకటి ప్రజా ధనాగారానిదనీ, రెండవది తనకు కానుకగా లభించినదనీ చెప్పాడు. అప్పుడు ప్రవక్త (స) వారు సభాముఖంగా, ఆ వ్యక్తి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుకలు అతని వద్దకు వచ్చి ఉండేవా అని ప్రశ్నించారు. అధికారంలో ఉన్నవారికి అందే ప్రతి కానుకకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అధికారాన్ని అమానత్‌గా, అనగా ఇతరులు నమ్మి అప్పగించిన సొత్తుగా భావించే దృష్టి దీనికి మూలం. మతాలు వేరైనా ఈ న్యాయాన్ని కాదనేవారు ఉండరు.

తొలి హెచ్చరిక

స్వాతంత్ర్యానంతరం ఈ సమస్య తొలిసారిగా న్యాయస్థానం ముందుకు వచ్చినది 1957లో. రాజకీయ పక్షాలకు విరాళాలిచ్చే అధికారం తమకు స్పష్టంగా ఉండేటట్లు టాటా ఉక్కు కంపెనీవారు తమ నిబంధనావళిని సవరించుకొనగా, ఒక వాటాదారు ఆ చర్యను బొంబాయి హైకోర్టులో ప్రశ్నించాడు. నాటి ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ కరీం చాగ్లా. అప్పటి చట్టంలో అభ్యంతరమేదీ లేనందున ఆయన సవరణను కాదనలేకపోయారు. అయినప్పటికీ, కంపెనీల ధనం రాజకీయాలలోకి ప్రవేశించటం గొప్ప ప్రమాదమనీ, అది త్వరితగతిని పెరిగి చివరకు ప్రజాస్వామ్యాన్నే ఊపిరాడకుండా చేయగలదనీ తమ తీర్పులో హెచ్చరించారు. పార్లమెంటు ఈ విషయమై ఆలోచించవలసిన అవసరాన్ని కూడా సూచించారు. అనంతర కాలంలో కేంద్ర విద్యాశాఖ మంత్రిగా పనిచేసిన ఈ న్యాయకోవిదుని హెచ్చరిక నేటికీ చదువదగినది.

1960లో కంపెనీల చట్టానికి సవరణ జరిగింది. గడచిన మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో 5 శాతం గాని, 25 వేల రూపాయలు గాని, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు కంపెనీలు విరాళం ఇవ్వవచ్చునని పరిమితి ఏర్పడినది. ఇచ్చిన వివరాలను లెక్కలలో చూపాలని కూడా నిర్దేశించారు. అవినీతి నిర్మూలనకు మార్గాలను సూచించటానికి నియమితమైన సంతానం కమిటీ 1964లో తన నివేదికను సమర్పిస్తూ, కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించాలని అభిప్రాయపడింది.

నిషేధం – దాని ఫలితాలు

1969లో ఆ నిషేధం అమలులోకి వచ్చింది. ఉద్దేశం మంచిదే గాని, కంపెనీలు బహిరంగంగా ఇచ్చే మార్గం మూసివేసిన ప్రభుత్వం దానికి బదులుగా మరొక మార్గాన్ని చూపలేదు. ఎన్నికల ఖర్చులు మాత్రం ఏ ఏటికాయేడు పెరుగుతూనే వచ్చాయి. ఫలితంగా చెక్కుల స్థానాన్ని లెక్కకు రాని నగదు ఆక్రమించింది. పక్షాలు ప్రచురించే సావనీర్లలో కంపెనీలు భారీ మొత్తాలు చెల్లించి ప్రకటనలు వేయించటం మరొక దొడ్డిదారి అయినది. నిషేధం వలన ధనం ఆగిపోలేదు. దాని ఆనవాళ్ళు మాత్రమే కనుమరుగైనాయి. ఈ వాస్తవాన్ని గుర్తించి 1985లో పార్లమెంటు నిషేధాన్ని తొలగించి, సగటు లాభంలో 5 శాతం వరకు, డైరెక్టర్ల బోర్డు తీర్మానంతో, పేర్లు వెల్లడించే షరతు మీద విరాళాలను తిరిగి అనుమతించింది.

ఆదాయం మాట ఇట్లా ఉండగా వ్యయం మాట మరొక విధంగా నడిచింది. అభ్యర్థి చేయదగిన ఎన్నికల ఖర్చుకు చట్టంలో మొదటినుండీ పరిమితి ఉన్నది. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అతని లెక్కలోనే కలపాలని తీర్పు చెప్పింది. తర్కానికి నిలిచే తీర్పు అది. కాని అదే నెలలో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ద్వారా, పార్టీలు, మిత్రులు చేసే ఖర్చు అభ్యర్థి ఖర్చు క్రిందికి రాదని వివరణ చేర్చి ఆ తీర్పును నిష్ఫలం చేసింది. ఆ వివరణను 2003లో చాలావరకు కుదించినప్పటికీ, పార్టీ చేసే సాధారణ ప్రచార వ్యయానికి పరిమితి నేటికీ లేదు. 2022 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వంటి రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షల రూపాయల పరిమితి నిర్ణయమైనది. ఎన్నికల కాలంలో మన వీధులలో జరిగే ఆర్భాటాన్ని కళ్ళారా చూచిన వారెవరూ అభ్యర్థులు దాఖలు చేసే లెక్కలను పూర్తిగా నమ్మలేరు. చట్టసభలో అడుగుపెట్టబోయే వ్యక్తి మొదటి పత్రంలోనే అసత్యం వ్రాయవలసివస్తే, ఆ సభ చేసే చట్టాల మీద ప్రజలకు గౌరవం కలగటం కష్టం.

వెలుగులోకి కొన్ని అడుగులు

1990 దశకం చివరినుండి కొంత మంచి మార్పు కనిపించింది. 1996లో సుప్రీంకోర్టు, పార్టీలు విధిగా ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయాలని ఆదేశించింది. ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1999లో, గుర్తింపు పొందిన పార్టీలకు ప్రభుత్వమే నగదు రూపంలో కాక వస్తు, సేవల రూపంలో కొంత ఎన్నికల సహాయం అందించాలని సూచించింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు, నేరారోపణలు తెలుసుకొనే హక్కు ఓటర్లకు లభించింది. హైదరాబాదు కేంద్రంగా 1996లో ప్రారంభమైన లోక్‌సత్తా ఉద్యమం ఇటువంటి సంస్కరణల కోసం విశేషంగా ప్రచారం చేసిన సంగతి తెలుగు పాఠకులకు విదితమే.

2003లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 20 వేల రూపాయలకు మించి విరాళమిచ్చిన ప్రతి వ్యక్తి, ప్రతి కంపెనీ వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి తెలియజేయాలి. బహిరంగంగా ఇచ్చేవారిని ప్రోత్సహించటానికి విరాళం మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా కల్పించారు. అయితే 20 వేలకు లోబడిన విరాళాలకు పేర్లు చెప్పనవసరం లేదు. ఒక కోటి రూపాయలను చిన్న చిన్న మొత్తాలుగా విడగొట్టి చూపితే అడిగేవారెవరు? అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ 2017లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2004-05 నుండి 2014-15 వరకు జాతీయ, ప్రాంతీయ పార్టీల మొత్తం ఆదాయంలో 69 శాతం ఎక్కడినుండి వచ్చినదో తెలియనిది. చట్టం తలుపు తెరచినా ద్వారం దగ్గర చీకటి అట్లాగే నిలిచినది.

2013లో వచ్చిన కొత్త కంపెనీల చట్టం విరాళాల పరిమితిని సగటు లాభంలో 7.5 శాతానికి పెంచింది. స్థాపించి మూడేళ్ళు నిండని కంపెనీలు విరాళమివ్వరాదనే నియమాన్ని కొనసాగించింది. లాభాలే లేని బూటకపు కంపెనీలను సృష్టించి, వాటి ద్వారా ఎవరి ధనమో తరలించకుండా ఈ రెండు కట్టుబాట్లూ అడ్డుకొనేవి.

ఎన్నికల బాండ్లు

2017 ఆర్థిక చట్టంతో పరిస్థితి మారింది. కంపెనీల విరాళాలపై 7.5 శాతం పరిమితి రద్దయినది. ఏ పార్టీకి ఎంత ఇచ్చినదీ లెక్కలలో చూపనవసరం లేకపోయింది. 2018 జనవరి 2న ఎన్నికల బాండ్ల పథకం ప్రకటితమైనది. వేయి రూపాయలు మొదలు కోటి రూపాయల వరకు ఐదు రకాల విలువలలో స్టేట్ బ్యాంకు ఈ బాండ్లను అమ్మేది. కొన్నవారు తమకు నచ్చిన పార్టీకి ఇస్తే, ఆ పార్టీ 15 రోజులలోగా తన ఖాతాలో జమచేసుకొనేది. బాండు మీద కొన్నవాని పేరు ఉండదు. ఎవరు ఎవరికి ఇచ్చారో ప్రజలకు తెలిసే మార్గం లేదు.

ఈ పథకాన్ని సమర్థించిన వారి వాదాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. పేర్లు బయటపడితే, విరాళం అందని పార్టీ అధికారంలోకి వచ్చినప్పుడు దాతలను వేధించవచ్చునని వారి భయం. బ్యాంకు ద్వారా జరగటం వలన నల్లధనం తగ్గుతుందని వారి ఆశ. ఈ రెండూ కొట్టివేయదగిన మాటలు కావు. మన దేశంలో వ్యాపారస్థుడు అధికారానికి భయపడటం కల్పన కాదు. అయితే 2017లోనే రిజర్వు బ్యాంకు ఈ పథకం పట్ల తన అభ్యంతరాలను ప్రభుత్వానికి తెలియజేసింది. పారదర్శకత దృష్ట్యా ఇది వెనుకడుగు అని ఎన్నికల సంఘం కూడా అదే సంవత్సరం న్యాయశాఖకు వ్రాసింది.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. ఇచ్చినవాడు తన పేరు పార్టీకి చెప్పుకొనకుండా ఎవరూ అడ్డుపడలేరు. బాండును స్వయంగా అందజేసినవాని ముఖం పుచ్చుకొన్నవారికి తెలియకుండా ఉండదు. కనుక గోప్యత అంతా ఓటరుకే పరిమితమైనది. పిల్లి కళ్ళు మూసుకొని పాలు త్రాగితే లోకమంతా చూస్తుంది. ఇక్కడ లోకం కళ్ళకే గంతలు కట్టి పిల్లి కళ్ళు తెరచుకొని త్రాగినట్లయినది.

విదేశీ విరాళాల విషయంలోనూ ఇటువంటి సౌకర్యమే కల్పించుకున్నారు. విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించారని కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీలు రెండింటినీ ఢిల్లీ హైకోర్టు 2014లో తప్పుపట్టింది. 2016లో, ఆ తరువాత 2018లో ఆర్థిక చట్టాల ద్వారా విదేశీ సంస్థ అనే పదానికి నిర్వచనాన్ని సడలించి, ఆ సడలింపును 1976 నుండి వర్తించేటట్లు చేశారు. పరస్పరం తీవ్రంగా విమర్శించుకొనే పక్షాలకు ఈ ఒక్క విషయంలో ఒకే విధమైన ఊరట లభించటం సామాన్యుని దృష్టిని దాటిపోలేదు.

సుప్రీంకోర్టు తీర్పు

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి ధనంజయ చంద్రచూడ్ నాయకత్వాన గల ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఎన్నికల బాండ్ల పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఓటు వేసే పౌరునికి పార్టీల ఆదాయ మూలాలను తెలుసుకొనే హక్కు ఉన్నదనీ, అది రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం క్రింద వాక్స్వాతంత్ర్యంలో భాగమనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. కంపెనీలు పరిమితి లేకుండా విరాళాలిచ్చేందుకు వీలు కల్పించటం 14వ అధికరణంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమని నిర్ణయించింది. పెద్ద మొత్తాలిచ్చేవారికి అధికారుల దగ్గరకు దారి సులభమవుతుందనీ, ఆ దారి ఉపకారానికి ప్రత్యుపకారంగా పరిణమించగలదనీ వివరించింది. దీనితో 7.5 శాతం పరిమితి, పేర్లు వెల్లడించే నియమం పునరుద్ధరింపబడినాయి.

2019 ఏప్రిల్ 12 నుండి అమ్మిన బాండ్ల వివరాలను ఇవ్వవలసిందిగా కోర్టు ఆదేశించగా, స్టేట్ బ్యాంకు జూన్ 30 వరకు గడువు కోరింది. మార్చి 11న కోర్టు ఆ కోరికను తిరస్కరించింది. మార్చి 14న ఎన్నికల సంఘం మొదటి జాబితాలను ప్రకటించింది. వారం రోజులలో బాండ్ల సంఖ్యలు కూడా వెలువడి, ఇచ్చినవారి పేర్లను పుచ్చుకొన్నవారి పేర్లతో సరిపోల్చటం సాధ్యమైనది. పథకం అమలులో ఉన్న కాలమంతటిలో అమ్ముడైన బాండ్ల విలువ సుమారు 16,518 కోట్ల రూపాయలు. వెల్లడైన కాలానికి భారతీయ జనతా పార్టీకి 6,060 కోట్లు, తృణమూల్ కాంగ్రెసుకు 1,609 కోట్లు, కాంగ్రెసుకు 1,421 కోట్లు, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు ముట్టినవి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు లభించినవి. అత్యధికంగా బాండ్లు కొన్న సంస్థలలో రెండవ స్థానం హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగు కంపెనీది. అది కొన్నది 966 కోట్లు. కేంద్రంలోగాని, రాష్ట్రాలలోగాని అధికారం నెరపిన పక్షాలకే పెద్ద మొత్తాలు చేరటాన్ని గమనించినప్పుడు, ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కానుకలు వచ్చేవా అనే ప్రశ్న మరల గుర్తుకు రాక మానదు.

అయితే బాండు కొన్న ప్రతి సంస్థా దోషి అని తీర్మానించరాదు. ఇచ్చిన విరాళానికీ, పొందిన కాంట్రాక్టుకూ సంబంధం ఉన్నదని ఒక్కొక్క సందర్భంలో సాక్ష్యాలతో నిరూపించవలసి ఉంటుంది. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించాలనే అభ్యర్థనను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు అంగీకరించక, సాధారణ చట్టంలోని మార్గాలను అనుసరించవలసిందని చెప్పింది. రహస్యం తెచ్చే నష్టం ఇదే. నిజంగా ఏమీ ఆశించక ఇచ్చినవాడు కూడా అనుమానితుల వరుసలో నిలబడవలసి వచ్చింది. మొదటే పేర్లు బహిరంగంగా ఉంటే నిర్దోషికి ఈ అపకీర్తి తప్పి ఉండేది.

మిగిలిన లోపాలు

బాండ్లు పోయినంత మాత్రాన సమస్య తీరిందని భావించటం పొరపాటు. 20 వేలకు లోబడిన విరాళాల చీకటి మిగిలే ఉన్నది. ఇటువంటి చిన్న విరాళాల మొత్తం 20 కోట్లకు గాని, పార్టీకి వచ్చిన మొత్తం విరాళాలలో 20 శాతానికి గాని మించినప్పుడు వాటి వివరాలను కూడా వెల్లడించాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సూచించింది. జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2013లో కేంద్ర సమాచార సంఘం తీర్పు చెప్పినా పార్టీలు దానిని పాటించలేదు. పార్టీల వ్యయానికి హద్దు లేదు. వీటిలో ప్రతి ఒక్కటీ చట్టంతో సరిదిద్దదగినదే. కాని ఆ చట్టం చేయవలసినవారే దాని వలన ఇబ్బంది పడేవారు. కంచె చేను మేస్తున్నప్పుడు రైతు మేల్కొని ఉండక తప్పదు.

ఆ రైతు ఓటరే. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989 నుండి 18 ఏళ్ళు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు లభించింది. మన కళాశాలలలో చదివే విద్యార్థులలో అధిక సంఖ్యాకులు ఈ హక్కు గలవారే. నాయకుల విరాళాలను గురించి తీవ్రంగా మాట్లాడే మనం, ఎన్నికల ముందు రాత్రి వీధిలో పంచే నోట్లను గురించి మౌనం వహిస్తున్నాము. కంపెనీ ఇచ్చిన కోటికీ, ఓటరు పుచ్చుకొన్న వేయికీ మధ్య సంబంధం ఉన్నది. ఓటుకు పంచిన సొమ్మును పార్టీ ఎక్కడో సంపాదించవలెను; సంపాదించిన చోట ఋణం తీర్చుకొనవలెను. ఆ ఋణం తీరేది మన రోడ్డు, మన ఆసుపత్రి, మన విద్యార్థి వేతనాల కోసం ఉన్న నిధుల నుండే. పుచ్చుకొన్నవాడు తరువాత ఐదేళ్ళు ప్రశ్నించే నైతిక బలాన్ని కోల్పోతాడు. అల్పసంఖ్యాక వర్గాల బీద కుటుంబాలకు ఈ నష్టం మరింత ఎక్కువ. ధనంతో ప్రభుత్వం దగ్గరకు పోలేనివారికి ప్రశ్నించే హక్కు ఒక్కటే ఆధారం.

అభ్యర్థులు దాఖలు చేసే ప్రమాణపత్రాలు, పార్టీలు సమర్పించే విరాళాల నివేదికలు ఎన్నికల సంఘం ద్వారా నేడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. రాజనీతి శాస్త్రం, వాణిజ్య శాస్త్రం చదివే విద్యార్థులు తమ నియోజకవర్గపు అభ్యర్థుల లెక్కలను తెచ్చుకొని, తమ కళ్ళతో చూచిన ప్రచారంతో సరిపోల్చి ఒక చిన్న నివేదిక తయారు చేస్తే అది పరీక్షలకు ఉపకరించటమే కాక ఇరుగుపొరుగు వారికి కూడా కనువిప్పు కలిగిస్తుంది. వచ్చే సంవత్సరపు సంచికలో అటువంటి వ్యాసం ఒకటి విద్యార్థుల కలం నుండి వెలువడగలదని ఆశిస్తున్నాను.